సీసా మీది పేరు

మన పల్లెల్లో కడుపుతో ఉన్న ఏ ఆడబిడ్డను అడిగినా ఎర్ర బిళ్ళ సంగతి తెలియదనదు. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇస్తుంది. రక్తం బిళ్ళ అంటాం. అందులో ఇనుము ఉన్నదని అందరూ ఎరుగుదురు. దానితోపాటు ఫోలిక్ ఆమ్లం కూడ ఉన్నదని ఎరిగినవారు తక్కువ. ఇనుము 60 మిల్లీగ్రాములైతే ఇది అర మిల్లీగ్రాము మాత్రమే గనుక దానిమీద ఎవరి దృష్టీ పడదు. అయితే ఈ అర మిల్లీగ్రాము చుట్టూనే మా కుటుంబం కొన్నేళ్ళుగా తిరుగుతున్నది. మా అమ్మాయి పరిశోధన దానిమీద. మా ఇద్దరిలో ఒకరం వాడే మందు దానికి విరోధి. మేము పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్ళం, శాస్త్రజ్ఞులం కాము. అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు కూర్చోబెట్టి మాకు చెప్పిన సంగతులను ప్రియ పాఠకులకు మా మాటల్లో చెబుతున్నాము.

ఫోలిక్ ఆమ్లం బి వర్గానికి చెందిన విటమిను. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరను పిండి, అందులోనుండి కొంచెమంటే కొంచెం తీశారు. లాటిన్ భాషలో ఆకును ఫోలియం అంటారు గనుక ఆ పేరు పెట్టారు. అంతకు పదేళ్ళ ముందే లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయిలో దీని జాడ పట్టింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలకు ఒక రకమైన రక్తహీనత వచ్చేది. ఈస్టుతో చేసే మార్మైట్ అనే నల్లని ముద్ద తినిపిస్తే అది తగ్గుతున్నదని ఆమె 1931లో ప్రచురించింది. ఆ ముద్దలో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. పత్తి ఏరే చేతులకు, నూలు వడికే చేతులకు మధ్య ఎంత దూరమున్నా, పాలిపోయిన ఆ కనురెప్పలు మాత్రం రెండు చోట్లా ఒకటే. గుంటూరులో 1883లో వైద్యసేవ మొదలుపెట్టిన అన్నా కుగ్లర్ దొరసానమ్మగారి కాలానికి ఈ విటమినుకు ఇంకా పేరే లేదు.

దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి బిళ్ళగా మన చేతికి రాగలిగేటట్లు చేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది వంటబట్టక, రక్తం తగ్గి, మనిషి ఎండిపోయే జబ్బు అది. తానూ దాని బారినపడి బయటపడ్డారు. 1923లో అమెరికా వెళ్ళి, హార్వర్డులో ఎన్నో ఏళ్ళు పనిచేసి, 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు పనిచేస్తున్నదని వెంటనే తేలింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు ఆయన చేతిమీదుగానే వచ్చింది, అయితే పాతికేళ్ళు ఆలస్యంగా. 1948లో న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది. మేము బడిలో ఉన్న రోజుల్లో ఆ బిళ్ళను అట్టమీద అంటించి గోడకు తగిలించాము. ఆయన ఏమి కనిపెట్టారో అప్పుడు మాకు సరిగా తెలియదు, పేరు మాత్రం పిల్లలచేత వల్లె వేయించాము.

ఇక అసలు విషయానికి వస్తాము.

పత్తి ఏరి తెచ్చి ఇంట్లో పోసుకున్నంత మాత్రాన నూలు రాదు. జిన్నింగు మిల్లుకు పోవాలి, గింజ వేరు కావాలి. చిలకలూరిపేట మార్గంలో వెళ్ళేవారికి ఈ మిల్లుల చప్పుడు, గాలిలో ఎగిరే దూది తెలియనిది కాదు. ఫోలిక్ ఆమ్లం కూడ అలాంటిదే. బిళ్ళలో ఉన్న రూపంలో అది శరీరానికి ఉపయోగపడదు. దాన్ని పనికివచ్చే రూపంలోకి మార్చే ఒక జిన్ను మన ప్రతి కణంలోనూ ఉన్నది. దానిపేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. నోరు తిరగని పేరు గనుక మేము జిన్ను అనే అంటాం, అమ్మాయి కూడ ఇంటికి వస్తే అలాగే అంటుంది. ఇటువంటి పనిముట్లను ఎంజైములంటారు. బిళ్ళలోని ఫోలిక్ ఆమ్లం ఈ జిన్నులో రెండుసార్లు పడాలి. గోంగూరలోను, తోటకూరలోను ఉండే ఫోలేటు చాలావరకు ముందే తయారై ఉంటుంది. అయినా అది కూడ జిన్నును తప్పించుకోలేదు. కొత్త కణం పుట్టాలంటే జీవపదార్థం నకలు వ్రాసుకోవాలి, ఆ వ్రాతకు కావలసిన ఒక అక్షరం తయారైన ప్రతిసారీ ఈ విటమిను వాడిపోయి మళ్ళీ జిన్నుకే రావాలి. రక్తం రోజూ కొత్తగా పుట్టాలి, గర్భంలో బిడ్డ రోజూ పెరగాలి. అందుకే ఇది తక్కువైతే మొదట దెబ్బ తగిలేది ఆ రెండు చోట్లనే. గర్భం నిలవకముందునుండే ఈ బిళ్ళ తీసుకుంటే, వెన్నెముక మూసుకోకుండా బిడ్డ పుట్టే ప్రమాదం చాలావరకు తప్పుతుందని 1991లో ఇంగ్లండువారు పూనుకొని ఏడు దేశాల్లో జరిపిన పరీక్షలో రుజువైంది.

మనుష్యులందరికీ ఈ జిన్ను ఒకేలా తిరగదు. 2009లో అమెరికాలో మనిషి కాలేయపు ముక్కలను పరీక్షిస్తే, ఎలుక కాలేయంలో ఉన్న వేగంలో సగటున నూటికి రెండు వంతులు కూడ లేదు. ఒక మనిషికీ మరొక మనిషికీ ఇంచుమించు అయిదు రెట్లు తేడా కూడ కనిపించింది. ఎలుకమీద లెక్క వేసి మనిషికి మోతాదు చెప్పకూడదనడానికి ఇది ఒక సాక్ష్యమని మా అమ్మాయి అంటుంది.

సుబ్బారావుగారి బృందమే ఈ విటమినును పోలిన నకిలీ పదార్థాలను కూడ తయారుచేసింది. చూపుకు ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటుంది, జిన్నులో దూరి ఇరుక్కుపోతుంది, జిన్ను ఆగిపోతుంది. అందులో ఒకటి అమినోప్టెరిన్. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు క్యాన్సరుతో చనిపోతున్న పసిపిల్లలకు దాన్ని ఇచ్చాడు. 1948లో ఆయన వ్రాసిన నివేదిక ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ మేలు కొంతకాలమే నిలిచింది. అయినా అంతవరకు ఆ జబ్బుకు మందే లేదు. దానికి చెల్లెలివంటి మీథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్తపు క్యాన్సరుకు వాడుతున్నారు. ఈ మందులు పట్టుకునేది ఫలానా ఎంజైమునే అని రూఢిగా తెలిసింది సుబ్బారావుగారు పోయిన తరువాత, 1950లలో.

అదే మీథోట్రెక్సేట్ చిన్న మోతాదులో కీళ్ళవాతానికి ఇస్తారు. మా ఇంట్లో అది ఉన్నది. వారానికి ఒక్కరోజు ఆ బిళ్ళ, వేరొక రోజు ఫోలిక్ ఆమ్లం. ఒకటి జిన్నును ఆపేది, రెండవది ఆ ఆపడంవల్ల నోటిపూత వంటి బాధలు రాకుండా కాపాడేది. రెండూ ఒకే మనిషి బృందంనుండి వచ్చినవని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వాడమన్నప్పుడు రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది. చదువురాని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, ఆ రోజు పేరు చీటీమీద పెద్ద అక్షరాలతో వ్రాసి బిళ్ళల అట్టకు కట్టండి. మందుల షాపువాడు చెప్పాడులే అని ఊరుకోవద్దు.

మా అమ్మాయి పని ఈ జిన్ను ఎంత ఉన్నదో కొలవడం. దానికి కారణం ఉన్నది. కొందరు రోగుల్లో మీథోట్రెక్సేట్ కొన్నాళ్ళు పనిచేసి తరువాత పనిచేయదు. 1978లో స్టాన్‌ఫోర్డులో రాబర్ట్ షిమ్కే బృందం ప్రయోగశాల కణాల్లో దీనికి ఒక కారణం కనిపెట్టింది. కణం ఆ ఎంజైము తయారుచేసే జన్యువును పదింతలు, నూరింతలు నకళ్ళు తీసుకుంటుంది. ఒక జిన్నును మందు ఆపితే వంద జిన్నులు నిలబెడుతుంది! మరి ఫలానా కణంలో జిన్నులు పెరిగాయా, లేక మందు అసలు లోపలికే పోవడం లేదా? ఇది తెలియకుండా మోతాదు పెంచితే రోగికి నొప్పి తప్ప మేలు లేదు. మా సంఘంలోనే ఒక బాబు ఈ మందు మీద ఉన్నాడు. వాళ్ళమ్మ మా అమ్మాయిని చూచినప్పుడల్లా, "మీవాళ్ళు ఇంకా ఏమీ కనిపెట్టలేదా అమ్మా?" అని అడుగుతుంది. ఒక ప్రయోగశాలలో చేసే పని ఒక బిడ్డ మంచం దగ్గరకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పడానికి మా అమ్మాయికి నోరు రాదు.

కణంలో వేలకొద్దీ రకాల మాంసకృత్తులున్నాయి. అందులో ఒక్కదాన్ని పట్టి చూపించడానికి యాంటీబాడీ కావాలి. బడి పుస్తకాల్లో ప్రతిరక్షకం అని వ్రాశారు. టీకా వేసినప్పుడు మన శరీరం తయారుచేసేవి ఇవే. ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారాన్ని మాత్రమే పట్టుకుంటుంది, తాళానికి తాళంచెవిలాగ. ఈ గుణాన్ని మనుష్యులు పనికి వాడుకున్నారు. మనిషి ఎంజైమును కుందేలుకు సూదిద్వారా ఇస్తే, కుందేలు దాన్ని పరాయి వస్తువనుకొని దానికి యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ కుందేలు రక్తరసంనుండి వాటిని వేరుచేసి సీసాల్లో పోసి అమ్ముతారు. కణాలను చితగ్గొట్టి, అందులోని మాంసకృత్తులను జిగురుపలకలో కరెంటు సాయంతో పరిమాణం ప్రకారం విడదీసి, వాటిని ఒక తెల్లని పొరమీదికి ఎక్కించి, ఆ పొరమీద ఈ యాంటీబాడీ పోస్తారు. అది వెతికే వస్తువు ఎక్కడున్నదో అక్కడ నల్లని గీత పడుతుంది. గీత లావైతే వస్తువు ఎక్కువ, సన్నమైతే తక్కువ. వర్ణించడానికి తేలిక. తెల్లవారేదాకా మేలుకొని చేసేది.

కుందేలు చచ్చిపోతే ఆ రకం మళ్ళీ దొరకదు. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టెయిన్ అనే ఇద్దరు దీనికి ఉపాయం కనిపెట్టారు, 1984లో నోబెల్ బహుమతి కూడ పొందారు. యాంటీబాడీ చేసే ఎలుక కణాన్ని, చావులేకుండా పెరిగే క్యాన్సరు కణంతో కలిపి ఒక్కటి చేశారు. ఇక అది ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా ఇస్తుంది. అయితే ఆ లక్షల కణాల్లో కలిసినవేవో, కలవనివేవో ఏరడం ఎలాగ? ఇక్కడ మాకు మళ్ళీ సుబ్బారావుగారి బృందం కనిపించింది. ఆ కణాలను అమినోప్టెరిన్ కలిపిన ద్రవంలో పెంచుతారు. జిన్ను ఆగిపోతుంది, అంటే పెద్దరోడ్డు మూసుకుపోతుంది. ఇక డొంకదారి ఒకటే దిక్కు. క్యాన్సరు కణానికి ఆ డొంకదారి లేదు గనుక అది చస్తుంది. ఎలుక కణానికి దారి ఉన్నది గాని ఆయుష్షు లేదు, కొద్దిరోజుల్లో తానే పోతుంది. రెండూ కలిసిన కణం మాత్రం ఒకదాని దారిని, మరొకదాని ఆయుష్షును తీసుకొని బ్రతుకుతుంది. ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా చేసిన మందు, ఏ మనిషీ కూర్చొని ఏరలేని కణాలను అలా ఏరిపెట్టింది. ఈ సంగతి విన్న రాత్రి మేము అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకుంటూ కూర్చున్నాం.

ఇంతవరకు బాగానే ఉన్నది. అమ్మాయి ఒక సీసా కొన్నది. దానిమీద ఈ ఎంజైము పేరే ఉన్నది. రెండు చుక్కల ద్రవానికి ముప్పై నలభై వేల రూపాయలు. ఎనిమిది నెలలు దానితో పనిచేసింది. గీతలు చక్కగా వచ్చాయి. మందుకు లొంగని కణాల్లోను, లొంగే కణాల్లోను గీత ఒకే లావు వచ్చింది. అంటే జిన్నులు పెరగలేదన్నమాట, మందు లోపలికి పోవడంలోనే ఏదో అడ్డు ఉన్నదన్నమాట. ఆ దారిలోనే ఇంకా ముందుకు పోవలసి ఉన్నది.

అంతలో అమ్మాయి మేనమామ పొలంలో వేరొక వ్యవహారం నడిచింది. ఆయన పాత ప్రకాశం జిల్లాలో కౌలుకు నల్లరేగడి భూమి తీసుకొని మిరప వేస్తాడు. ఆ ఏడు పేరున్న రకమని ఒక దుకాణంలో హైబ్రిడ్ విత్తనం కొన్నాడు. పది గ్రాముల పొట్లాలు, రంగురంగుల బొమ్మ. నారు బాగానే వచ్చింది, నాటు బాగానే పడింది. మొక్క ఏపుగా పెరిగింది. ఆకు చూచి ఊరంతా మెచ్చుకున్నారు. కాయ దిగిన తరువాత చూస్తే సన్నగా పొడుగ్గా ఉండవలసినది పొట్టిగా బుడిపెలాగ వచ్చింది. గుంటూరు యార్డులో దానికి ధర లేదు. అడిగితే దుకాణం అతను, వానలు సరిగా లేవు, నీ ఎరువు ఎక్కువైంది, నీ నేల మంచిది కాదు అన్నాడు. మిరప మీద పెట్టుబడి ఎంతో, కోత కూలి ఎంతో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. గురుగుల ఉపమానంలో శత్రువు రాత్రిపూట రహస్యంగా వచ్చి విత్తాడు. ఇక్కడ పట్టపగలు బిల్లు వ్రాసి మరీ ఇచ్చారు.

ఆయన చేసిన మంచిపని ఒకటున్నది. చేను మూల నాలుగు సాళ్ళు తన ఇంటి విత్తనం వేశాడు, పచ్చడి కోసమని. అదే నేల, అదే నీరు, అదే ఎరువు. ఆ నాలుగు సాళ్ళలో కాయ ఎప్పటిలాగే వచ్చింది. వ్యవసాయ అధికారులు చూడడానికి వచ్చినప్పుడు ఆయన వాదించలేదు, చేయి పట్టుకొని ఆ మూలకు తీసుకుపోయాడు.

సంక్రాంతికి వచ్చిన అమ్మాయి ఆ చేను చూచి చాలాసేపు గట్టుమీద నిలబడింది. "మామయ్యా, ఈ నాలుగు సాళ్ళు లేకపోతే ఏం చేసేవాడివి?" అని అడిగింది. "ఏం చేస్తానమ్మా, నా నేలదే తప్పు అనుకునేవాణ్ణి" అన్నాడు.

వాళ్ళ ప్రయోగశాలలో ఇటువంటి పరీక్ష తెలియక కాదు. సీసా అమ్మినవాళ్ళు తాము పరీక్షించామని కాగితం పంపారు, అందరూ ఆ కాగితాన్నే నమ్మారు. తిరిగి వెళ్ళిన తరువాత అమ్మాయి ఆ ఎంజైము అసలే లేని కణాలను తెప్పించింది. అవి చైనా దేశపు హామ్‌స్టర్ అనే ఎలుకజాతి కణాలు. 1980 దశకంలో న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలో గెయిల్ ఉర్లాబ్, లారెన్స్ చేసిన్ ఈ జన్యువును పూర్తిగా పోగొట్టి ఆ కణాలను తయారుచేశారు. జిన్ను లేదు గనుక వాటికి తయారైన సరుకును బయటనుండి పోయాలి, పళ్ళులేని ముసలివారికి గంజి పోసినట్లు. ఈ రోజు ఆసుపత్రుల్లో వాడే యాంటీబాడీ మందులు ఎన్నో ఈ వంశపు కణాల్లోనే తయారవుతున్నాయని విన్నాము. అమ్మాయి వాటిని రెండు పాత్రల్లో పెంచింది. ఒక పాత్రలోని కణాలకు మనిషి ఎంజైము జన్యువును పెట్టింది. రెండవదాన్ని ఖాళీగా వదిలేసింది. సీసా నిజమైతే మొదటిదానిలో గీత రావాలి, రెండవదానిలో రాకూడదు.

రెండింటిలోనూ గీత వచ్చింది. ఒకే చోట, ఒకే లావు.

అంటే ఎనిమిది నెలలుగా ఆ సీసా వేరొక మాంసకృత్తును చూపిస్తున్నది. ఇంచుమించు అదే పరిమాణంగలది ఇంకేదో అక్కడ ఉన్నది. దాని పేరేమిటో తెలుసుకోవడం అమ్మాయి పని కాదు, కాలమూ లేదు. ఫోనులో ఈ మాట చెప్పి ఏడ్చింది. మేము ఏమి ఓదార్చగలం? పుస్తకాలనిండా ఉన్న ఆ గీతల్లో ఒక్కటి కూడ ఇక లెక్కలోకి రాదు.

ఇది ఆ ఒక్కరి కష్టమే అయితే ఇంత వ్రాసేవాళ్ళం కాము. 2008లో స్వీడనువారు వేలకొద్దీ యాంటీబాడీలను పరీక్షిస్తే ఇంచుమించు సగం మాత్రమే పరీక్షకు నిలిచాయి. 2023లో ఇంకొక పెద్ద పరీక్ష ప్రచురించారు. అందులో 65 మాంసకృత్తులకోసం అమ్ముతున్న 614 యాంటీబాడీలను, సరిగ్గా ఈ ఖాళీ కణాల పద్ధతిలోనే చూచారు. ఒక్కొక్క మాంసకృత్తుకు సగటున పన్నెండు పరిశోధన పత్రాలు పనిచేయని సీసాలను నమ్మి వ్రాసినవని తేలింది. పత్రికలో అచ్చయినవి, ఇతరులు ఆధారంగా తీసుకున్నవి! ఆ పరీక్షలో మంచి సంగతి కూడ ఒకటి ఉన్నది. అమ్మే సంస్థలు కొన్ని తమ సరుకును తామే పరీక్షకు ఇచ్చాయి, ఫలితం చూచి కొన్ని సీసాలను అమ్మకంనుండి తీసివేశాయి. మన విత్తన వ్యాపారులు కూడ అలా చేసే రోజు వస్తే మేము సంతోషంగా వారి పేర్లు వ్రాస్తాము.

మా అమ్మాయి ఎంజైముకు అదనంగా ఒక చిక్కు ఉన్నది. దానికి ఒక కవల ఉన్నది. మన జన్యువుల్లో ఈ జిన్ను నకలు ఒకటి పనిచేయకుండా పడి ఉన్నదని చాలాకాలం అనుకున్నారు. 2011లో రెండు బృందాలు విడివిడిగా, అది కూడ పనిచేస్తున్నదని ప్రచురించాయి. రెండూ నూటికి తొంభై వంతులకు పైగా ఒకటే. కవలల్లో ఒకరిని పట్టుకొని రెండవవారిని వదిలే యాంటీబాడీ దొరకడం ఎంత కష్టమో మీరే ఊహించండి. ఖాళీ పాత్ర పరీక్ష కూడ ఇక్కడ ఒక్కటే చాలదు. కవలను మాత్రమే పెట్టిన మూడవ పాత్ర కావాలి. ఆ మూడవ పాత్ర ఇప్పుడు నడుస్తున్నది.

యాంటీబాడీలు దూరదేశపు వస్తువులని అనుకోనక్కరలేదు. గర్భం తెలుసుకునే పట్టీలోను, మలేరియా పట్టీలోను ఉన్నవి అవే. మన పత్తిచేలకు కూడ అవి వచ్చాయి. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చిన తరువాత బీటీ అని పేరు పెట్టి మామూలు విత్తనం అమ్మేవారు పుట్టుకొచ్చారు. గింజను చూచి పోల్చుకోలేము, మొక్కను చూచీ పోల్చుకోలేము. అప్పుడు నాగపూరులోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థవారు ఒక పట్టీ తయారుచేశారు. ఆకు ముక్కనో గింజనో నలిపి ద్రవంలో వేసి పట్టీ ముంచితే, బీటీ మాంసకృత్తు ఉంటే గీత పడుతుంది. ఆ గీత పడేది దానికోసం చేసిన యాంటీబాడీ వల్లనే. ప్రయోగశాల లేకుండా చేను గట్టుమీదనే నిమిషాల్లో తేలిపోతుంది. మా అభిప్రాయంలో రైతుకు ఉపయోగపడిన శాస్త్రమంటే ఇది. అయితే ఆ గీత చెప్పేది కూడ ఒక్క మాటే, ఆ మాంసకృత్తు ఉన్నదని. మొలక శాతం ఎంతో చెప్పదు, దిగుబడి చెప్పదు. గులాబీరంగు పురుగు బీటీకి అలవాటుపడిన తరువాత, గీత పడిన పత్తిలో కూడ కాయ తొలుస్తున్నది. మిరపకు అటువంటి పట్టీ ఉంటే మా బావమరిది కౌలు డబ్బు దక్కేదేమో అనిపిస్తుంది. రకం తెలియడానికి ఒక్క మాంసకృత్తు చాలదు గనుక అది అంత సులభం కాదని అమ్మాయి అన్నది.

క్రిందటి వేసవిలో ఆమె వచ్చినప్పుడు మేనమామ కూడ మా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మాయి కొత్త సీసా కొన్నది. ఇది కుందేలునుండి తీసి అమ్మేది కాదు. యాంటీబాడీ వ్రాతను అక్షరంతో సహా తెలుసుకొని, ఆ వ్రాత ప్రకారం కణాల్లో తయారుచేసేది. పాత రకంలో ఒక కుందేలు పోయి మరొక కుందేలు వస్తే, సీసామీద పేరు అదే ఉంటుంది, లోపలి సరుకు మారుతుంది. కొత్త సీసా వచ్చినరోజే ఖాళీ పాత్ర పరీక్ష చేసింది. మనిషి జన్యువు పెట్టినదానిలో గీత వచ్చింది, ఖాళీదానిలో పొర తెల్లగా ఉన్నది. ఆ తెల్లని పొరను ఫొటో తీసి మాకు పంపింది. అందులో చూడడానికి ఏమీ లేదు. అందుకే అది మాకు ఇష్టం.

పాత నమూనాలను మంచుపెట్టెలో దాచింది గనుక వాటిని కొత్త సీసాతో మళ్ళీ చూచింది. మందుకు లొంగని కణాల్లో మూడు రకాలకు గీత లావుగా వచ్చింది, ఒక రకానికి రాలేదు. కాబట్టి జిన్నులు పెరిగినవి కొన్ని, తలుపు మూసుకున్నవి కొన్ని. ఎనిమిది నెలలు నమ్మిన మాట సగానికిపైగా తలక్రిందులైంది. ఇంకా రెండవసారి, మూడవసారి చేసి చూడాలని, అంతవరకు ఎవరికీ చెప్పవద్దని అన్నది. తరువాత మూడుసార్లు చేసింది. అలాగే వచ్చింది. ఆ బాబు తల్లికి ఏమి చెప్పాలో మాత్రం ఇంకా తేలలేదు. అమ్మాయి కొలిచినవి ప్రయోగశాల కణాలు, ఆ బిడ్డ కణాలు కావు.

మేనమామ ఇదంతా విని ట్రంకుపెట్టె తెప్పించాడు. అందులో భూమి కౌలు కాగితాల క్రింద, గుడ్డలో చుట్టి, ఆ మిరప విత్తనాల ఖాళీ పొట్లాలు, బిల్లు ఉన్నాయి. పరిహారం సంగతి నడుస్తున్నంతకాలం పారేయవద్దని అధికారులు చెప్పారట. అమ్మాయి తన ఫోనులో పాత సీసా బొమ్మ తీసి ప్రక్కన పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకొని రెండింటినీ వేలితో చదువుకుంటూ పోయాడు. పేరు, తేదీ, బరువు, ఆ తరువాత సన్నని అక్షరాల్లో ఒక అంకె.

"ఏమ్మా, మీకూ లాటు నంబరేనా?" అన్నాడు.

"మాకూ అదే మామయ్యా. ఇప్పుడు ప్రతి ప్రయోగం ప్రక్కనా వ్రాస్తున్నాను."

ఆయన పొట్లాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు.